పెరట్లో బేతంచెర్ల బండలు: కొన్ని ఎండాకాలాలు గడిచాక నా రివ్యూ

మాది కర్నూలు. ఇంటెనక పెరడంతా బేతంచెర్ల నాపబండలు పరిపించాం, గేటు వైపు సందులో మాత్రం సిమెంట్ పేవర్ బ్లాకులు వేయించాం, అంటే రెండూ ఒకే ఎండలో పక్కపక్కనే ఏళ్ళ తరబడి మాడుతున్నాయి కాబట్టి పోల్చి చెప్పగలను. ముందే చెప్పేస్తున్నా, బండలు బాగున్నాయి, మళ్ళీ ఇల్లు కట్టినా అవే వేయిస్తా. కానీ షాపులో "ఒకసారి పరిస్తే ఇంక చూసుకోనక్కర్లేదు సార్" అంటారు చూడండి, ఆ మాట మాత్రం నమ్మొద్దు. ఇంకోటేంటంటే బండలు ఎండకి పాడవుతాయని అందరూ అనుకుంటారు గానీ, మా దగ్గర పాడైన ప్రతి బండకీ కారణం వెతుక్కుంటూ పోతే చివరికి తేలింది కింద మాలు సరిగ్గా పరవకపోవడమో, పైన పడిన నీళ్ళో, నూనె లాంటి ఇంకేదో.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, మే నెలాఖరుకి మా ఊళ్ళో 43, 44 డిగ్రీలు మామూలే, అయినా ఉత్త ఎండకి పగిలిన బండ మా పెరట్లో ఒక్కటీ లేదు. పగిలినవన్నీ కింద డొల్లగా ఉన్నవే. మేస్త్రీలు టైం కలిసొస్తుందని మాలు పూర్తిగా పరవకుండా నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒక ముద్ద పెట్టి బండ దించేస్తారు, పైకి చూస్తే లెవెల్ బ్రహ్మాండంగా ఉంటది. తర్వాత నిండు గ్యాస్ సిలిండర్ దాని మీద దొర్లిస్తే ఠప్. పెద్ద పరీక్షేం అక్కర్లేదు, రూపాయి బిళ్ళతోనో చీపురు కర్రతోనో తట్టుకుంటూ పోతే గట్టిగా కూర్చున్న బండ ఒకలాగా, డొల్లది బోలుగా ఇంకోలాగా వినపడతది. డొల్ల అనిపించింది లేపి, కింద పాత మాలు గీకేసి, నిండా మాలు పరిచి మళ్ళీ కూర్చోబెట్టించుకోవడమే మార్గం. పైన సందుల్లో సిమెంట్ పూసి కప్పేస్తే అది రిపేరు కాదు. పైగా ఎండాకాలం ఆ ఖాళీల్లో చల్లదనానికి తేళ్ళు, జెర్రులు చేరతాయి, పిల్లలున్న ఇంట్లో ఇది చాలా ముఖ్యం.

కాళ్ళు కాలడం సంగతి. మావి లేత బూడిద రంగు బండలు. తాడిపత్రి నల్ల బండలు వేయించుకున్న చుట్టాలింట్లో మధ్యాహ్నం ఉత్త కాళ్ళతో రెండడుగులు వేయలేం, మావి కొంచెం నయం, అంతే, చల్లగా ఉంటాయని చెప్పను. పదకొండు నుంచి సాయంత్రం అయిదు దాకా ఏ బండైనా చెప్పుల్లేకుండా కష్టమే. అసలు తలనొప్పి రాత్రిది, పగలంతా తాగిన వేడిని బండ రాత్రి పదింటి దాకా వదుల్తానే ఉంటది, మంచం వేసుకుని పడుకుంటే కింద నుంచి సెగ. దానికి మందు సాయంత్రం నీళ్ళు చల్లడమే, కానీ టైం చూసి చల్లాలి. మిట్టమధ్యాహ్నం చల్లితే రెండు నిమిషాల్లో ఆవిరి, చల్లదనం సున్నా, ఉక్కపోత ఎక్స్‌ట్రా. ఎండ పూర్తిగా గోడ దిగాక, ఆరున్నర ఆ టైంలో, ఒక బకెట్ పలచగా చల్లి, ఆరాక ఇంకో బకెట్ చల్లితే పైపు పెట్టి కడిగినదానికంటే బాగా చల్లబడతది, నీళ్ళూ పెద్దగా ఖర్చవ్వవు. బోరు దిగిపోయి ట్యాంకర్ కోసం ఎదురుచూసే రోజుల్లో పెరడు కడగడం అనే మాటే మర్చిపోండి, చీపురు చాలు.

తెల్ల మరకల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగేది ఇదే. మా బోరు నీళ్ళు ఉప్పెక్కువ. ఆరిపోయినప్పుడు నీళ్ళు పోతాయి, ఉప్పు బండ మీదే ఉంటది, రోజూ చల్లితే రోజూ ఒక పొర. దీనికంటే ఘోరం కూలర్ నీళ్ళు. కూలర్లో రోజంతా నీళ్ళు ఆవిరవుతా ఉంటే టబ్బులో మిగిలే నీళ్ళు ఇంకా ఉప్పగా చిక్కబడతాయి, వారానికోసారి టబ్బు ఖాళీ చేసినప్పుడు అవి నేరుగా బండల మీదికొస్తే ఆ కిటికీ కింద సున్నం కొట్టినట్టు తెల్లగా గట్టి పేరుకుంటది. ఆర్వో మిషన్ వదిలే నీళ్ళూ అంతే, వేస్ట్ చేయడమెందుకని పెరట్లో చల్లేవాళ్ళు చాలామంది ఉన్నారు, బట్టలు నానబెట్టడానికో బాత్రూం కడగడానికో వాడుకోండి గానీ బండల మీద వద్దు. మేం కూలర్ కింద చిన్న పైపు తగిలించి నేరుగా మోరీలోకి వదిలేశాం, ఆ ఒక్క పనితో సగం మరకలు ఆగిపోయినయ్. ఉన్న పొర పోవాలంటే పొడి బండ మీదే గట్టి బ్రష్‌తో రుద్ది, ఆ పొడి ఊడ్చేసి, ఆ తర్వాతే నీళ్ళు పెట్టాలి. ముందే తడిపితే ఉప్పు కరిగి మళ్ళీ బండలోకే దిగుతది.

ఇంక యాసిడ్. దయచేసి వద్దు. బాత్రూం టైల్స్‌కి పోసే యాసిడ్ బాటిల్ పట్టుకుని "అన్నా పది నిమిషాల్లో కొత్తవాటిలా చేస్తా" అంటూ వచ్చేవాళ్ళుంటారు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, బనగానపల్లె చుట్టుపక్కల దొరికే ఈ నాపరాయంతా సున్నపురాయే, ఆ ప్రాంతంలో సిమెంట్ ఫ్యాక్టరీలు పెట్టింది కూడా ఆ సున్నపురాయి కోసమే. యాసిడ్ పడగానే బుసబుసా నురగొస్తది, అది మురికి పోతున్న నురగ కాదు, రాయి కరుగుతున్న నురగ. మా పక్కింట్లో అలా చేయించారు, ఆ రోజు సాయంత్రం తెల్లగా మెరిసింది, ఆ వేసవి అయ్యేలోపే పైన గరుకు తేలి దుమ్మంతా అందులో కూర్చుని ముందుకంటే నల్లగా అయింది. చింతపండు, నిమ్మకాయ కూడా చిన్న సైజు యాసిడ్లే, రాగి చెంబులు ఇత్తడి బిందెలు చింతపండుతో తోమేది బండల మీద కాకుండా తొట్టి దగ్గర పెట్టుకుంటే మచ్చలు పడవు. మామూలు మురికికి ఘాటు లేని డిష్‌వాష్ లిక్విడ్ బకెట్లో కొంచెం వేసుకుంటే సరిపోతది.

మా ఇంట్లో పెరడు అసలు బిజీ అయ్యేది ఎండుమిరపకాయలు, వడియాలు, ఆవకాయ సీజన్లోనే. మామిడికాయ సొన పడితే నల్ల చారలు, నూనె పడితే ముదురు మచ్చ. నూనె మచ్చకి అమ్మ చెప్పిన పద్ధతే పనిచేసింది, ముగ్గుపిండి కొంచెం తడిపి ముద్దగా మచ్చ మీద మందంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి రాత్రంతా ఉంచి, పొద్దున కవర్ తీసి అది పూర్తిగా ఆరాక ఊడ్చేయడమే, నూనెని పిండి లాగేస్తది, పాత మచ్చైతే మళ్ళీ వేయాలి. వేపపళ్ళు రాలే రోజుల్లో మాత్రం రోజూ పొద్దున్నే ఊడవాల్సిందే, ఒక్కరోజు వదిలేస్తే కాలికింద నలిగి జిగటగా అంటుకుని జారుడు కూడా. ఇనప మంచం కోళ్ళకి, డ్రమ్ముల కింద రబ్బరు బుష్‌లు పెట్టండి, తుప్పు మరక ఎక్కిందంటే సున్నపురాయి మీంచి తీయడం చాలా కష్టం, తీసే కెమికల్సన్నీ దాదాపు యాసిడ్ రకాలే కాబట్టి. పిట్టలకి నీళ్ళు పెట్టే మూకుడు కింద కూడా ఒక ఇటుక పెడితే గుండ్రటి మచ్చ పడదు.

బండల మధ్య సందుల సంగతికొస్తే, మరమ్మతుకి టైం శివరాత్రి నుంచి ఉగాది లోపల. ఏప్రిల్ దాటాక పాయింటింగ్, అంటే సందుల్లో సిమెంట్ నింపే పని, చేయిస్తే సిమెంట్ గట్టిపడే లోపే తడి ఆరిపోయి పొడిపొడిగా రాలిపోతది, వానల్లో ఆ సందుల్లోంచే నీళ్ళు కిందికి దిగుతాయి. ఎలాగూ తప్పకపోతే సాయంత్రం పూట పని చేయించి, గోనెసంచులు తడిపి కప్పి, ఒక వారం తడి ఆరకుండా చూసుకోవాలి. సందు విప్పి చూసినప్పుడు లోపల గరిక, తుంగ కనిపిస్తే వేరుతో సహా లాగాలి, తుంగ గడ్డ ఒక్కటి మిగిలినా సిమెంట్ పగలగొట్టుకుని మళ్ళీ వస్తది, అంత మొండిది. చిన్న చిన్న మొక్కలకైతే అన్నం వార్చిన వేడి గంజి పోస్తే చాలు, కాకపోతే గంజికి చీమలు పడతాయి కాబట్టి తర్వాత కడుక్కోవాలి, మరిగే నీళ్ళైతే ఆ బాధ లేదు.

సీలర్, అంటే నీళ్ళు, నూనె రాయిలోకి ఇంకకుండా పూసే మందు, వేయించాలా వద్దా అంటే, రాయిలోకి ఇంకిపోయి పైకి కనపడని రకం వేయించాం, నూనె మచ్చల వరకు తేడా స్పష్టంగా ఉంది. దాని మీద నాలుగు నీటి చుక్కలు వేస్తే ముత్యాల్లా నిలబడాలి, బండ ముదురు రంగుకి తిరిగిందంటే దాని పని అయిపోయినట్టే. పైన వార్నిష్‌లా పొర కట్టి మెరిసే లాకర్ రకం మాత్రం బయట వద్దు, మా మామగారింట్లో వేశారు, రెండో ఎండాకాలానికే పసుపెక్కి పొట్టు లేచిపోయింది, తడిస్తే జారుడు వేరే. ఏ రకమైనా పొద్దున్నే బండ చల్లగా, పూర్తిగా పొడిగా ఉన్నప్పుడే వేయించండి, కాలుతున్న బండ మీద వేస్తే లోపలికి దిగకముందే ఆరిపోతది.

నీడకి గ్రీన్ నెట్ కట్టాం, 75 శాతం ఎండ ఆపే రకం. వేడి తగ్గింది, ఒప్పుకోవాల్సిందే, సాయంత్రం నీళ్ళు కూడా సగమే పడుతున్నాయి. కానీ ఏప్రిల్, మే నెలల్లో వచ్చే గాలివానకి టైట్‌గా కట్టిన నెట్ కొక్కేల దగ్గర చిరిగిపోతది, ఒకవైపు తాడు ముడి తొందరగా ఊడదీసేలా పెట్టుకోండి. తాటాకు పందిరి ఇంకా చల్లగా ఉంటది గానీ ఏటా కొత్తగా వేయించాలి, ఎలుకలు, నిప్పు భయం కూడా ఉంటాయి.

పేవర్ బ్లాకుల గురించి రెండు ముక్కలు. మావి 60 ఎంఎం మందం, నడకకి సరిపోతాయి, కారు ఎక్కించేవాళ్ళు 80 ఎంఎం తీసుకోండి. నచ్చింది ఏంటంటే వాన నీళ్ళు సందుల్లోంచి భూమిలోకి పోతాయి, ఒక బ్లాకు కుంగితే దాన్నొక్కదాన్నే తీసి ఇసుక వేసి మళ్ళీ పెట్టొచ్చు, మేస్త్రీ కూడా అక్కర్లేదు. నచ్చనిది ఇసుక. ఎండాకాలమంతా చీమలు దాన్ని పైకి తోడి కుప్పలు పోస్తానే ఉంటాయి, సందులు ఖాళీ అయ్యి బ్లాకులు కదులుతాయి, ఏడాదికోసారైనా సన్న ఇసుక మళ్ళీ నింపాలి. ఎరుపు రంగు బ్లాకులు ఎండకి వెలిసిపోయి ఇప్పుడు ఏ రంగో చెప్పలేని స్థితిలో ఉన్నాయి. వడియాలు పెట్టడానికి, పిల్లలు కూర్చోడానికి పనికిరావు, గరుకు.

కొత్తగా వేయించుకునేవాళ్ళు పాలిష్ లేని బండలే తీసుకోండి, ఎనిమిది అడుగులకి కనీసం అంగుళం వాలు మోరీ వైపు ఉండేలా దగ్గరుండి నీళ్ళు పోయించి చూసుకోండి. అంచుల్లో పొరలు విడిపోతున్నట్టు కనపడితే ఆ బండ వెనక్కి పంపేయండి, ఈ రాయి సహజంగానే పొరలు పొరలుగా ఉంటది కాబట్టి నాసి రకం కొన్నాళ్ళకి పెచ్చులు లేస్తది. నాలుగైదు బండలు ఎక్కువ కొని పక్కన పెట్టుకోండి, తర్వాత అదే క్వారీ అని తెచ్చినా రంగు కలవదు. మేం మిగిల్చుకున్నవి కాంపౌండ్ గోడకి ఆనించి పెట్టాం, డొల్ల బండలు పగిలినప్పుడు వాటిల్లోంచే తీసి వేయించాం.