ముందు మూడు రింగులా, రెండా? ఏడేళ్లు తొక్కాక నా మాట

నా రోడ్డు సైకిల్‌కు మొదటి నాలుగేళ్లు ముందు, పెడళ్ల దగ్గర, మూడు చైన్‌రింగులు (చైను తిప్పే పళ్ల చక్రాలు) ఉండేవి, దీన్నే ట్రిపుల్ అంటారు. 50, 39, 30 పళ్లు. వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి, అంటే క్యాసెట్, 12 నుంచి 25 పళ్లు. మూడేళ్ల క్రితం వాటిని తీయించి 50, 34 పళ్ల రెండు రింగుల కాంపాక్ట్ డబుల్, వెనక 11-32 వేయించాను. ఉండేది విశాఖలో. వారం మధ్యలో బీచ్ రోడ్డు మీదుగా భీమిలి దాకా, వీలైన ఆదివారాల్లో శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్. రెండు అమరికలనూ ఇవే దారుల్లో తొక్కాను.

ఘాట్ ఎక్కాలంటే ట్రిపుల్ ఉండాల్సిందేనని ఇప్పటికీ చాలామంది అంటారు. లెక్క వేసి చూడండి. ముందు 30, వెనక 25 వేస్తే పెడల్ ఒక చుట్టుకు చక్రం 1.2 చుట్లు తిరుగుతుంది. ముందు 34, వెనక 32 అయితే 1.06 చుట్లే. పెడల్ నిమిషానికి 60 చుట్లు తగ్గకుండా తొక్కాలంటే పాత గేరులో గంటకు 9 కిలోమీటర్ల వేగం కావాలి, కొత్తదానిలో 8 చాలు. తైడ దాటి మలుపుల్లో పడ్డాక ఆ ఒక్క కిలోమీటరు విలువ ఏమిటో మోకాళ్లే చెబుతాయి. గాలికొండ చేరేలోపు మూడుసార్లు దిగేవాణ్ణి, ఇప్పుడు నీళ్లకు తప్ప దిగడం లేదు.

అయితే ఈ మేలు చేసింది ముందున్న రెండు రింగులు కాదు, వెనకున్న 32 పళ్ల చక్రం. అదే చక్రాన్ని పాత ట్రిపుల్‌కు వేసుకుని ఉంటే 0.94కు దిగేది, ఇంకా తేలికయ్యేది. ఈ సంగతి నాకు డబ్బు ఖర్చయ్యాక తెలిసింది. రింగులు బిగించి ఉండే క్రాంక్‌తో పోలేదు మరి, గేరు మార్చే ఎడమ షిఫ్టరు, చైనును ఒక రింగు నుంచి ఇంకోదానికి జరిపే ముందు డిరైలర్ కూడా మార్చాల్సి వచ్చింది.

డబుల్‌తో నాకు నిజంగా తీరని లోటు చదును రోడ్డు మీదే. 39 పళ్ల మధ్య రింగు ఎంత హాయిగా ఉండేదో పోయాకే అర్థమైంది. గంటకు 23 నుంచి 27 మధ్య పోతున్నంతసేపూ చైను క్యాసెట్ నడుమనే, తిన్నగా, చప్పుడు లేకుండా నడిచేది. ఎడమ చెయ్యి కదిపే పనే ఉండేది కాదు. ఇప్పుడు రుషికొండ దాటి సముద్రపు ఎదురుగాలి తగలగానే 50 బరువైపోతుంది. 34కు దించితే ఒక్కసారిగా 16 పళ్లు తగ్గి, కాళ్లు పట్టు లేకుండా గిరగిరా తిరుగుతాయి. వెంటనే వెనక రెండు మూడు గేర్లు బిగించాలి. మూడేళ్లయినా ఆ క్షణం నాకు నచ్చదు.

ట్రిపుల్‌కూ తన బాధలు ఉన్నాయి. ముందు డిరైలర్ సర్దడం సున్నితమైన పని. ఒకసారి సర్వీసు చేసినవాళ్లు చైను లోపలికి దాటిపోకుండా ఆపే స్క్రూను వదులుగా వదిలేశారు. అనంతగిరి దగ్గర 39 నుంచి 30కి దించగానే చైను రింగు దాటి ఫ్రేముకూ క్రాంకుకూ మధ్య ఇరుక్కుపోయింది. రోడ్డు పక్కన కూర్చుని వేళ్లతో లాగి తీసేసరికి పావుగంట పట్టింది. పెయింటు మీద గీత ఇప్పటికీ ఉంది. డబుల్‌లో చైను పడలేదని కాదు, మూడేళ్లలో రెండుసార్లే పడింది. బరువు తేడా మాత్రం నాకు ఎన్నడూ తెలియలేదు.

కొత్తగా కొనేవాళ్లు డబులే తీసుకోండి. సైకిల్ భాగాల కంపెనీ షిమానో 2014లో తన 105 అనే రోడ్డు సైకిల్ గేర్ల సెట్టును వెనక 11 గేర్లకు మార్చినప్పుడే అందులో ట్రిపుల్‌ను వదిలేసింది, మంచి భాగాలన్నీ ఇప్పుడు డబుల్‌కే వస్తున్నాయి. కొనేటప్పుడు వెనక పెద్ద చక్రం 32 గానీ 34 గానీ ఉండేలా చూసుకోండి. ఇప్పటికే ట్రిపుల్ ఉన్నవాళ్లు మాత్రం దాన్ని పీకించవద్దు. మీ వెనక డిరైలర్ ఎన్ని పళ్ల దాకా మోస్తుందో కంపెనీ పత్రంలో చూసి, క్యాసెట్, చైను మార్చుకోండి, చాలు.

నా పాత క్రాంకును, దాని షిఫ్టరుతో సహా, తమ్ముడి సైకిల్‌కు బిగించాను. వాడు రోజూ భీమిలి దాకా వెళ్లి వస్తాడు, ఆ మధ్య రింగు మీదే.