వెన్నెముక ఆపరేషన్ తర్వాత టిజానిడిన్ కొంటున్నవారికి హెచ్చరిక

నడుము దగ్గర వెన్నెముకకు ఆపరేషన్ జరిగిన మూడో వారంలో నాకు ఎదురైన ప్రమాదం, కండరాల బిగుతు తగ్గించే మాత్రలు కొంటున్న మరెవరికీ ఎదురు కాకూడదని ఇది రాస్తున్నాను.

కుట్లు మానుతున్నా, వాటికి ఇరువైపులా కండరాలు రాత్రిపూట కొయ్యబారి పక్కకు ఒత్తిగిలడమే కష్టమవుతుండడంతో, డాక్టరు గారు పడుకునే ముందు వేసుకోమని 2 మిల్లీగ్రాముల టిజానిడిన్ రాశారు. అది బాగానే పనిచేసింది. అయిపోయాక చీటీ పంపితే, మందుల దుకాణంవారు "ఇదీ అదే మందు, కంపెనీ వేరు" అంటూ మరో స్ట్రిప్ ఇచ్చారు. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు వేరొక డాక్టరు రాసిన సిప్రోఫ్లాక్సాసిన్‌ను కూడా అదే కవరులో పెట్టారు. ఈ రెండూ కలిపి వాడవచ్చా అని వారు ఆలోచించలేదు, నేనూ అడగలేదు.

ఆ రాత్రి రెండూ వేసుకున్న గంటన్నరకు బాత్‌రూమ్‌కని లేచి రెండడుగులు వేశానో లేదో, కళ్లు చీకట్లు కమ్మి, నోరు పిడచకట్టుకుపోయి, తలుపు గడియ పట్టుకుని అలాగే కిందికి జారిపోయాను. ఇంట్లోవాళ్లు బీపీ చూస్తే పై అంకె 80 దగ్గర ఉంది. స్క్రూలు బిగించిన నడుముతో వెల్లకిలా పడి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

టిజానిడిన్‌ను కరిగించి బయటికి పంపే కాలేయపు ఎంజైమును సిప్రోఫ్లాక్సాసిన్ అడ్డుకుంటుందని, దానివల్ల ఒంట్లో టిజానిడిన్ మోతాదు సుమారు 10 రెట్లు పెరుగుతుందని, అందుకే ఈ రెండింటినీ కలిపి అసలు వాడకూడదని ఆస్పత్రిలో వివరించారు. మానసిక సమస్యలకు వాడే ఫ్లూవోక్సమైన్‌తోనూ ఇదే ప్రమాదం ఉంది. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదివితే మరో సంగతి బయటపడింది: అందులో టిజానిడిన్‌తో పాటు ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందు, పారాసిటమాల్ కూడా ఉన్నాయి. నొప్పికి నేను అప్పటికే పారాసిటమాల్ విడిగా వేసుకుంటున్నాను. "అదే మందు" అన్న మాట పచ్చి అబద్ధం.

కాబట్టి బ్రాండు పేరు చూసి కాక, దాని కింద ఉండే మందు పేర్లు, మిల్లీగ్రాములు చీటీతో సరిపోల్చుకున్నాకే డబ్బు చెల్లించండి. వేర్వేరు డాక్టర్లు రాసిన చీటీలన్నీ ఒకేసారి ముందు పెట్టి, కలిపి వాడవచ్చో లేదో గట్టిగా అడగండి. ముఖ్యంగా ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు కూడా వాడుతుంటే మగత ముదిరి ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. ఇది చదివి భయపడి మీ మాత్రలు మీరే ఆపేయకండి. కండరాల బిగుతుకే వాడే మరో మందు బాక్లోఫెన్‌ను ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, కనుక ఎలా తగ్గించాలో మందు రాసిన డాక్టరునే అడగండి.