మెంఫిస్ నుంచి మజిల్ షోల్స్ దాకా: ఒక గిటార్, చిన్న ఇంటర్‌ఫేస్, నాలుగు స్టూడియోలు

గిటార్ తీసుకెళ్లాలా వద్దా అని వారం రోజులు ఆలోచించా. నాలుగు రోజుల ట్రిప్, రెండు రోజులు మెంఫిస్, రెండు రోజులు అలబామాలో మజిల్ షోల్స్, పొద్దున స్టూడియోలు చూడటం, రాత్రి రూమ్‌లో కూర్చుని చూసినదాన్ని నా గిటార్ మీద ట్రై చేసి రికార్డ్ చేసుకోవడం, ఇదీ ప్లాన్. అలాంటి చోటు చూసిన రోజే వాయించాలి, ఇంటికొచ్చాక చూద్దాంలే అనుకుంటే ఆ ఊపు పోతుంది. అందుకే గిగ్ బ్యాగ్‌లో టెలీ (ఫెండర్ టెలీకాస్టర్ గిటార్), బ్యాక్‌ప్యాక్‌లో రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (గిటార్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె), హెడ్‌ఫోన్స్, ల్యాప్‌టాప్, అంతే, పెడల్స్ (కాలితో నొక్కే ఎఫెక్ట్ పెట్టెలు) ఒక్కటి కూడా పెట్టుకోలేదు.

ఫ్లైట్ సంగతి ముందు చెప్తా, చాలామందికి అదే భయం. అమెరికాలో 2012 నాటి ఎఫ్ఏఏ (విమానయాన సంస్థ) చట్టం ప్రకారం పైన బిన్‌లో పట్టే వాయిద్యాన్ని క్యాబిన్‌లోకి రానివ్వాలి, కాకపోతే మనం ఎక్కే టైమ్‌కి అక్కడ ఖాళీ ఉండాలి, ముందే పెట్టినవాళ్ల సూట్‌కేస్ తీసి మనకి చోటివ్వరు. కాబట్టి డబ్బులు పెట్టేదేదైనా ఉంటే ముందు ఎక్కే బోర్డింగ్ మీద పెట్టండి, నేను అదే చేశా, ఇబ్బందే రాలేదు. రెంటల్ కార్‌లో మాత్రం ఎండలో గిటార్‌ని వదిలేసి వెళ్లొద్దు, మూసిన కార్‌లో వేడికి జిగురు జాయింట్లు, ఫినిష్ రెండూ దెబ్బతింటాయి. ప్రతి టూర్‌కీ భుజాన వేసుకునే వెళ్లా.

మొదటిది మెంఫిస్‌లో సన్ స్టూడియో, ఎల్విస్ ప్రెస్లీ మొదట రికార్డ్ చేసిన చోటు, యూనియన్ ఎవెన్యూలో 706 నంబర్. 1950లో సామ్ ఫిలిప్స్ మెంఫిస్ రికార్డింగ్ సర్వీస్ అని పెట్టింది ఇక్కడే. పైన మ్యూజియం, గైడ్ కథలు చెప్తూ కిందకి తీసుకొచ్చి స్టూడియోలో నిలబెడతారు, మొత్తం గంట లోపే అయిపోతుంది. జనం ఎక్కువ, ఫొటోల హడావిడి ఎక్కువ, గదిలో నిలబడి చప్పట్లు కొట్టి మోత ఎలా ఉందో వినే టైమ్ నాకు దొరకలేదు, అదొక్కటే లోటు. గది చిన్నది. సీలింగ్ చూడండి, వీ ఆకారంలో మడతలు మడతలుగా టైల్స్ ఉంటాయి, నేల మీదకి, గోడల మీదకి శబ్దం తిన్నగా తిరిగి రాకుండా చెదరగొట్టడానికి. ఇంట్లో చిన్న బెడ్‌రూమ్‌లో రికార్డ్ చేసేవాళ్లు ఫోమ్ ముక్కలు గోడకి అంటించేసి అయిపోయింది అనుకుంటారు కదా, పల్చటి ఫోమ్ పై ఫ్రీక్వెన్సీలనే తింటుంది, కింద బూమ్ అలాగే ఉంటుంది, చెదరగొట్టే పని పుస్తకాల షెల్ఫ్ కూడా చేస్తుంది.

ఇక్కడ నాకు బాగా పట్టుకున్నవి రెండు కథలు. 1951లో 'రాకెట్ 88' రికార్డింగ్‌కి ఐక్ టర్నర్ బ్యాండ్ వచ్చినప్పుడు దారిలో గిటారిస్ట్ విల్లీ కిజార్ట్ ఆంప్ (గిటార్ శబ్దం పెంచే యాంప్లిఫయర్) దెబ్బతింది, స్పీకర్ కోన్ చిరిగింది, సామ్ ఫిలిప్స్ దాన్ని పక్కన పడేయకుండా లోపల కాగితాలు కుక్కి అలాగే రికార్డ్ చేశాడు. ఇప్పుడు మనం పెడల్స్ కొని తెచ్చుకునే ఫజ్ (గరగరలాడే టోన్) ఆ రోజు చిరిగిన స్పీకర్‌లోంచి వచ్చింది. రెండోది స్లాప్‌బ్యాక్, అంటే ఒక్కసారే వచ్చే చిన్న ఎకో. రికార్డయ్యే శబ్దాన్ని ఇంకో టేప్ మెషీన్‌లోకి పంపి, దాని రికార్డ్ హెడ్‌కీ ప్లేబ్యాక్ హెడ్‌కీ మధ్య ఉన్న దూరం వల్ల కాస్త ఆలస్యంగా వచ్చే సౌండ్‌ని వెనక్కి కలపడం. లెక్క సింపుల్, టేప్ సెకండ్‌కి 15 ఇంచులు తిరుగుతూ హెడ్‌ల మధ్య 2 ఇంచులు ఉంటే ఆలస్యం దాదాపు 133 మిల్లీసెకండ్లు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ప్లగిన్‌లో డిలే 120 నుంచి 140 మిల్లీసెకండ్ల మధ్య పెట్టి, ఫీడ్‌బ్యాక్ సున్నా చేసి ఒక్క రిపీటే ఉంచి, ఆ రిపీట్‌లో పై ఫ్రీక్వెన్సీలు కొంచెం కోయండి, చాలు. ఎల్విస్ గిటారిస్ట్ స్కాటీ మూర్ 1955 నుంచి టేప్ ఎకో లోపలే ఉన్న ఎకోసానిక్ ఆంప్ వాడాడు, అంటే స్టూడియోలో దొరికే ఆ ఎకోని స్టేజ్ మీదకి మోసుకెళ్లగలిగాడు.

మధ్యాహ్నం స్టాక్స్ మ్యూజియం, సోల్ మ్యూజిక్ రికార్డ్ కంపెనీ స్టాక్స్ ఉన్న చోటు. అసలు బిల్డింగ్ 1989లో కూల్చేశారు, ఇప్పుడున్నది అదే చోట మళ్లీ కట్టి 2003లో తెరిచింది, ఇది తెలియకుండా వెళ్తే ఒరిజినల్ గదే అనుకుంటారు. అయినా స్టూడియో గదిని మళ్లీ కట్టేటప్పుడు నేల వాలు కూడా అలాగే ఉంచారు, అది ముందు సినిమా హాల్ కాబట్టి వాలు అప్పటిది. ఎదురెదురుగా సమాంతరంగా ఉండే గట్టి ఉపరితలాల మధ్యే శబ్దం కొట్టుకుంటూ ఉంటుంది, నేల వాలితే పైకప్పుకీ నేలకీ మధ్య ఆ పొత్తు కుదరదు. స్టాక్స్ గిటారిస్ట్ స్టీవ్ క్రాపర్ 1962లో 'గ్రీన్ ఆనియన్స్'కి వాడింది ఫెండర్ హార్వర్డ్, పది వాట్ల చిన్న ఆంప్. నేను ఏళ్ల తరబడి ఇంట్లో పెద్ద ఆంప్ వాల్యూమ్ ఒకటి దాటించలేక టోన్ పల్చగా ఉందని బాధపడ్డా, చిన్న ఆంప్‌ని కష్టపెట్టి వాయిస్తే వచ్చేది అందులో ఎలా వస్తుంది? గైడ్ లేకుండా మన ఇష్టమొచ్చినంత సేపు చూడొచ్చు, రెండు గంటలు పెట్టుకోండి. సోల్ మ్యూజిక్ అంటే ఇష్టముంటే సన్ కంటే ఇదే ఎక్కువ తృప్తి.

మెంఫిస్‌లో హోటల్ విషయంలో దెబ్బతిన్నా. బుక్ చేసినప్పుడే నిశ్శబ్దంగా ఉండే రూమ్ కావాలని రాశా, ఫోన్ చేసి కూడా చెప్పా, సరేనన్నారు, తీరా ఇచ్చింది ఐస్ మెషీన్ పక్క రూమ్. మార్చమంటే ఖాళీ లేదన్నారు. దాని మోటర్ ఆన్ అయినప్పుడల్లా నా గిటార్ సింగిల్ కాయిల్ పికప్‌లో (తీగల కదలికని కరెంట్‌గా మార్చే భాగం) గుర్రుమని ఒకటే హమ్, డిమ్మర్ లైట్ల బజ్ దానికి తోడు. అక్కడ కరెంట్ 60 హెర్ట్జ్ కాబట్టి హమ్ 60, 120 దగ్గర కూర్చుంటుంది, ఈక్యూతో (ఫ్రీక్వెన్సీలు పెంచి తగ్గించే టూల్) కోస్తే గిటార్ కింది స్వరాలు కూడా పోతాయి. పనిచేసినవి ఏంటంటే డిమ్మర్ పూర్తిగా ఆఫ్ చేయడం, ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపడం, కుర్చీ తిప్పుకుంటూ హమ్ తగ్గే దిక్కు వెతుక్కోవడం, టెలీలో రెండు పికప్‌లు కలిపిన మధ్య పొజిషన్ వాడటం (నా గిటార్‌లో ఒక పికప్ రివర్స్ వైండ్, అంటే కాయిల్ తిరగేసి చుట్టింది, అందుకే రెండూ కలిస్తే హమ్ రద్దవుతుంది). హోటల్ బుక్ చేసేవాళ్లు లిఫ్ట్‌కీ మెషీన్లకీ దూరంగా, మూల రూమ్ అని పేరు పెట్టి అడగండి, నిశ్శబ్దం అని మాత్రం అంటే వాళ్లకి ట్రాఫిక్ చప్పుడు లేకపోవడమే.

మూడో రోజు పొద్దున్నే హైవే 72 మీద అలబామాకి, మూడు గంటల లోపు డ్రైవ్. ఫ్లోరెన్స్, షెఫీల్డ్, టస్కంబియా, మజిల్ షోల్స్ నాలుగూ ఆనుకుని ఉన్న చిన్న ఊళ్లు, మధ్యలోంచి టెన్నెసీ నది పారుతుంది, కారు లేకుండా మాత్రం కష్టం. ఫేమ్ స్టూడియోస్ ఇప్పటికీ పనిచేస్తున్న స్టూడియో, సెషన్ ఉంటే టూర్ టైమ్‌లు మారతాయి కాబట్టి ముందు కనుక్కునే వెళ్లండి. 1968లో సోల్ గాయకుడు విల్సన్ పికెట్ సెషన్‌లో గిటారిస్ట్ డ్యుయేన్ ఆల్మన్ వాయించింది ఇక్కడే. టూర్ చిన్నదే గానీ బాగా తెలిసినవాళ్లు చూపిస్తారు, మైక్ ఎక్కడ పెట్టేవాళ్లు అని అడిగితే విసుక్కోకుండా చెప్పారు.

కానీ ఈ ట్రిప్‌లో నా మనసు ఉండిపోయింది షెఫీల్డ్‌లో, మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియోలో, అడ్రస్ 3614 జాక్సన్ హైవే. బయట నుంచి చూస్తే మామూలు కాంక్రీట్ దిమ్మెల షెడ్ లాంటిది, ఒకప్పుడు శవపేటికలు అమ్మిన చోటు. ఫేమ్‌లో వాయించే నలుగురు, బ్యారీ బెకెట్, రోజర్ హాకిన్స్, జిమ్మీ జాన్సన్, డేవిడ్ హుడ్, బయటికొచ్చి 1969లో సొంతంగా పెట్టుకున్నారు, అదే ఏడాది డిసెంబర్‌లో రోలింగ్ స్టోన్స్ వచ్చి ఇక్కడ మూడు పాటలు రికార్డ్ చేశారు. లోపల పైన శబ్దాన్ని పీల్చుకోవడానికి గోనెపట్ట వేలాడుతూ ఉంటుంది. అది చూసి చాలాసేపు నిలబడిపోయా. ఇంట్లో రికార్డింగ్‌కి లక్షణమైన గది లేదని ఎన్నాళ్లుగా వాయిదా వేస్తున్నానో! ఇక్కడ జనం తక్కువ, అడిగితే కాసేపు ఆగనిచ్చారు, చప్పట్లు కొట్టి విన్నా, గది పొడిగా (మోత లేకుండా), దగ్గరగా వినిపించింది. ఒక్కరోజే ఉందంటే మెంఫిస్ వదిలేసి అయినా ఇక్కడికి రండి.

బస ఫ్లోరెన్స్‌లో ఒక పాత అద్దె ఇల్లు, మందపాటి కార్పెట్, పరుపు, కర్టెన్లు, కరెంట్ శుభ్రంగా ఉంది, హమ్ దాదాపు లేదు. ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కి, గట్టిగా కొట్టినప్పుడు పీక్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ పెట్టి, ఆంప్ సిమ్‌తో (ఆంప్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) వింటూ డ్రై సిగ్నల్‌ని (ఎఫెక్ట్ ఏదీ కలపని శబ్దం) విడిగా రికార్డ్ చేశా, టోన్ తర్వాతైనా మార్చుకోవచ్చు, వాయించిన చేయి మారదు కదా. ఇంటర్‌ఫేస్ బఫర్ 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిల్స్ పెడితే ఆలస్యం చేతికి తెలియలేదు.

రెండో రాత్రి ఇంకొకటి చేశా. 1947లో చికాగోలో బిల్ పుట్నమ్ స్టూడియో బాత్రూమ్‌నే ఎకో గదిగా వాడాడు, నేను దిగిన ఇంట్లో బాత్రూమ్ నిండా కూడా పాత టైల్సే. చిన్న స్పీకర్‌ని లోపల గోడ వైపు తిప్పి పెట్టి, నా గిటార్ ట్రాక్ ప్లే చేసి, గుమ్మం దగ్గర ఫోన్ పెట్టి ఆ మోతని రికార్డ్ చేసి, తెచ్చి డ్రై ట్రాక్ కింద సన్నగా కలిపా. ఏ రెవర్బ్ (గది మోత ఇచ్చే) ప్లగిన్‌లోనూ నాకు అలాంటి మోత రాలేదు. రెండో నిమిషం దగ్గర బయట వాన మొదలైన చప్పుడు కూడా అందులో పడింది, దాన్ని తీయలేదు.