నాలుగేళ్ల ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్: డిస్కు తిరిగొచ్చింది, పని రాలేదు

హిమాయత్‌నగర్‌లోని ఒక ఆడిటర్ల ఆఫీసులో కంప్యూటర్ల బాధ్యత నాది. ముప్ఫై మంది సిబ్బంది, ఒక సర్వరు, దాని మీద ఆరు వర్చువల్ మెషీన్లు (ఒకే సర్వరులో విడివిడి కంప్యూటర్లలా నడిచేవి). 2021 నుంచి వాటిని ప్రాక్స్‌మాక్స్ వీఈ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుపుతున్నాను. బ్యాకప్‌ల కోసం పక్కనే ఒక పాత పెట్టెలో ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వరు పెట్టాను. అంతకుముందు అదే పని చేసే వీఎంవేర్ వారి ఉచిత ఈఎస్ఎక్స్ఐ ఉండేది. ఆ లైసెన్సులో బ్యాకప్ సాఫ్ట్‌వేర్లకు కావలసిన ఏపీఐ (బయటి సాఫ్ట్‌వేర్ లోపలికి వచ్చే దారి) పనిచేయదు కాబట్టి, మెషీన్‌ను ఆపి ఫైళ్లు కాపీ చేసుకోవడమే దిక్కు. దానితో పోలిస్తే ఇది విందు భోజనమే. అయితే ఆ విస్తరిలో ఏమేమి వడ్డించరో తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. నాకు తగిలిన దెబ్బల్లో చాలావరకు నా అజ్ఞానం వల్లే. ముందే చదువుకుని ఉంటే తప్పేవి.

మొదటి దెబ్బ అకౌంట్స్ నడిచే విండోస్ మెషీన్ దగ్గర. ఒక ఉదయం అది బూట్ కాలేదు. గాబరా పడకుండా రాత్రి తీసిన బ్యాకప్‌ను రిస్టోర్ చేశాను. నలభై నిమిషాల్లో విండోస్ లేచి కూర్చుంది. నేను కాలరెగరేసేలోపే, ఒక కంపెనీ డేటా పాడైందని అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ చెప్పింది.

"రాత్రి బ్యాకప్ ఉందన్నారు కదండీ?" అన్నారు మా సీనియర్ ఆడిటర్ గారు.

"ఉంది సార్. అందులోనే ఇలా ఉంది."

ఆ జవాబు విన్నాక ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. జరిగింది ఇది: ఆ రాత్రి ఎవరో ఇంటి నుంచి లాగిన్ అయి వోచర్లు ఎక్కిస్తున్నారు. బ్యాకప్ మొదలైన క్షణానికి సగం సమాచారం డిస్కు మీద, సగం మెమరీలో ఉంది. బ్యాకప్ చూసేది డిస్కునే. అంటే నడుస్తున్న కంప్యూటర్ కరెంటు తీగ పీకేస్తే డిస్కు మీద ఏమి మిగులుతుందో, నా చేతికి వచ్చింది అదే. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వంటి డేటాబేస్‌లు తమ లాగ్ (మార్పుల పద్దు) చదువుకుని ఆ స్థితి నుంచి తేరుకుంటాయి. నేరుగా ఫైళ్లలో రాసుకునే సాఫ్ట్‌వేర్లకు ఆ సదుపాయం ఉండదు. రెండు రోజుల వెనక్కి వెళ్లి, ఆ రెండు రోజుల ఎంట్రీలు మళ్లీ చేయించాం.

ఆ తర్వాత అన్ని మెషీన్లలో క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ వేశాను. బ్యాకప్ మొదలయ్యే ముందు అది ఫైల్ సిస్టమ్‌ను ఒక్క క్షణం బిగబట్టి ఉంచుతుంది. విండోస్‌లోనైతే, రాస్తున్నది డిస్కు మీద సర్దుకోమని సాఫ్ట్‌వేర్లకు చెప్పే వీఎస్ఎస్‌ను పిలుస్తుంది. కానీ వీఎస్ఎస్ మాట వినేది అందుకు తగ్గట్టు రాసిన సాఫ్ట్‌వేర్లు మాత్రమే. అందుకని ఇప్పుడు రాత్రి తొమ్మిదికి అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ సొంత బ్యాకప్ ఒక ఫోల్డర్‌లో పడుతుంది, పదకొండుకు మొత్తం మెషీన్ బ్యాకప్ నడుస్తుంది. రెండింటిలో ఒకటే ఉంచుకోమంటే నేను మొదటిదే ఉంచుకుంటాను.

రెండోది వేగం సంగతి. జీఎస్‌టీ రిటర్ను (జీఎస్‌టీఆర్-3బీ) గడువు నెలనెలా 20వ తేదీ. ఆ రాత్రుల్లో పదకొండు దాటినా ఆఫీసులో లైట్లు వెలుగుతూనే ఉంటాయి. సరిగ్గా అప్పుడే సర్వరు నత్తనడక నడిచేది. నెట్‌వర్క్ స్విచ్‌ను అనుమానించాను, యాంటీవైరస్‌ను తిట్టాను, చివరికి ఒక స్విచ్ మార్పించాను కూడా. దాని పాపమేమీ లేదు. ప్రాక్స్‌మాక్స్ స్నాప్‌షాట్ విధానంలో (అంటే మెషీన్‌ను ఆపకుండా) బ్యాకప్ నడుస్తుండగా మెషీన్ ఏదైనా బ్లాకు (డిస్కులో ఒక ముక్క) మీద కొత్తగా రాయబోతే, అందులోని పాత సమాచారం ముందుగా బ్యాకప్ సర్వరుకు చేరాలి. అది చేరేదాకా మెషీన్ రాయడం ఆగుతుంది. నా బ్యాకప్ పెట్టెలో ఉన్నవి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజార్లో బేరమాడి కొన్న మామూలు హార్డ్ డిస్కులు. సర్వరులోని ఎస్ఎస్‌డీలు వాటి కోసం కాచుకుని కూర్చునేవి. బ్యాకప్ పెట్టె చౌకదైతే ఆ నిదానం అసలు సర్వరుకూ అంటుకుంటుందని ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. 2024లో వచ్చిన 8.2 వెర్షన్‌లో ఫ్లీసింగ్ అనే సదుపాయం ఇచ్చారు. పాత బ్లాకులను ముందు దగ్గరలోని వేగమైన డిస్కులో దాచి, తర్వాత తీరిగ్గా పంపుతుంది. ఒక చిన్న ఎస్ఎస్‌డీ దానికి కేటాయించాక 20వ తేదీ ఫోన్లు ఆగిపోయాయి.

కిందటి బ్యాకప్ తర్వాత మారిన బ్లాకులేవో గుర్తుపెట్టుకుని వాటినే పంపే లెక్క కూడా మెషీన్ నడుస్తున్నంతసేపే నిలుస్తుంది. కరెంటు ఆదా అని శనివారం సాయంత్రం అన్నీ ఆపేయడం మా ఆఫీసు అలవాటు. ఆపితే ఆ లెక్క చెరిగిపోతుంది, సోమవారం రాత్రి మళ్లీ డిస్కు మొత్తం చదవాల్సిందే. పంపేది కొత్త ముక్కలనే అయినా, చదవడానికి పట్టే గంటలు తప్పవు.

ఇక బ్యాకప్‌లోకి అసలు రానివి. ఆడిటర్ల డిజిటల్ సంతకాల యూఎస్‌బీ టోకెన్లు సర్వరుకు గుచ్చి ఉంటాయి, మెషీన్ వాటిని తనవే అనుకుంటుంది. బ్యాకప్‌లో వాటి ప్రస్తావన ఒక సెట్టింగ్ వరకే. మరో హోస్టు (వర్చువల్ మెషీన్లను మోసే అసలు సర్వరు) మీద రిస్టోర్ చేస్తే ఎవరో ఒకరు లేచి వెళ్లి వాటిని అక్కడ గుచ్చాలి. మెషీన్ లోపలి నుంచి ఐస్కజీ (నెట్‌వర్క్ మీదుగా డిస్కు తగిలించే పద్ధతి) ద్వారా తగిలించుకున్న డిస్కు కూడా బయటి బ్యాకప్‌కు కనిపించదు. హోస్టు నెట్‌వర్క్ అమరిక, స్టోరేజీ వివరాలు కూడా వర్చువల్ మెషీన్ల బ్యాకప్‌లో భాగం కావు. వాటిని నేను చేత్తో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను, నవ్వుకున్నా సరే. అన్నిటికంటే సిగ్గుపడాల్సింది మరొకటి ఉంది. స్కాన్ కాగితాల కోసం తాత్కాలికంగా ఒక డిస్కు తగిలించి, దాని బ్యాకప్ టిక్కు నేనే తీసేశాను. మూడేళ్లలో ఆ తాత్కాలికం ఆఫీసు మొత్తానికి బీరువా అయింది. పరీక్ష కోసం చేసిన రిస్టోర్‌లో బయటపడింది కాబట్టి సరిపోయింది.

స్థలం పొదుపు విషయంలో మాత్రం ఈ సాఫ్ట్‌వేర్‌కు దండం పెట్టాలి. ఒకే ముక్కను ఎన్ని బ్యాకప్‌లు వాడుకున్నా ఒక్కసారే దాస్తుంది. దీనికీ మరో ముఖం ఉంది: ఆ ఒక్క ముక్క చెడితే దాని మీద ఆధారపడిన బ్యాకప్‌లన్నీ చెడినట్టే. వెరిఫై జాబ్ (దాచిన ముక్కలు చెడలేదని తనిఖీ చేసే పని) పెట్టకుండా దీన్ని వాడకండి. డిస్కు నిండినప్పుడు పాత బ్యాకప్‌లు తీసేసినా వెంటనే ఖాళీ రాదు. గార్బేజ్ కలెక్షన్ (వాడుకలో లేని ముక్కలను ఊడ్చే పని) నడవాలి, అది కూడా ఇరవై నాలుగు గంటలకు పైగా ఎవరూ ముట్టని ముక్కలనే తీసేస్తుంది. నిండేదాకా ఆగితే ఒక రోజు బ్యాకప్ లేకుండా గడపాలి. బ్యాకప్‌లకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ కీ పోతే ఇక ఎవరూ ఏమీ చేయలేరు. నా కీని కాగితం మీద ప్రింటు తీసి సీనియర్ గారి బ్యాంకు లాకర్‌లో పెట్టించాను.

ఒక్క ఫైలు కావాలంటే బ్రౌజర్‌లోనే తెరిచి తీసుకోవచ్చు, ఇది రోజూ పనికొస్తుంది. బిట్‌లాకర్ (విండోస్ వేసే డిస్కు తాళం) పెట్టిన డిస్కుల్లో మాత్రం కుదరదు, మొత్తం మెషీన్‌ను రిస్టోర్ చేసుకోవాల్సిందే.

ఆఫీసు బయట రెండో కాపీ కోసం 100 ఎంబీపీఎస్ లైను మీద ప్రయత్నించాను. మా 1.1 టీబీ మొదటిసారి వెళ్లాలంటే లైను నిండుగా నడిచినా ఒక రోజు దాటుతుంది. అందుకని తొలి కాపీని డిస్కులోకి ఎక్కించి, రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, వానలో స్కూటర్ మీద మియాపూర్‌లోని మా ఇంటికి తీసుకెళ్లాను. ఆ తర్వాత రోజువారీ మార్పులు లైను మీదే వెళ్తున్నాయి. ఇంట్లో ఆ పెట్టె ఫ్రిజ్ పక్కన ఉంటుంది. దాని ప్లగ్గు తీసి మిక్సీ పెట్టకూడదని మా ఆవిడకు చెప్పి ఉంచాను.