పీఐ పాలసీ కంపెనీ మారుస్తున్నారా? రెట్రోయాక్టివ్ డేట్ చూసుకోకుండా డబ్బు కట్టకండి

వైజాగ్‌లో ఆర్కిటెక్ట్‌లు, స్ట్రక్చరల్ వాళ్ళు ఎవరున్నా ముందు మీ ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ (పీఐ, అంటే మన పనిలో తప్పుందని ఎవరైనా నష్టపరిహారం అడిగితే ఆదుకునే బీమా) పాలసీ పీడీఎఫ్ తీయండి, తర్వాత ఇది చదవండి. ఒళ్ళు మండిపోతూ రాస్తున్నా, వరస తప్పితే ఏమనుకోవద్దు. బ్రోకర్ పేరు రాయను, వ్యవహారం ఇంకా నడుస్తోంది, మన లైన్‌లో ఉన్నోళ్ళకి చెప్పక్కర్లేదు కూడా.

మాది చిన్న డిజైన్ ఆఫీసు, నా పేరు మీదే ప్రొప్రైటర్‌షిప్. 2019 నుంచి గ్యాప్ లేకుండా కడుతున్నాం, ఒక్క క్లెయిమ్ లేదు. 2024 రెన్యువల్‌కి బ్రోకర్ తరఫు కుర్రాడొచ్చి వేరే కంపెనీలో నాలుగు వేలు తక్కువకి వస్తుందన్నాడు. పాత ప్రాజెక్టులకి కూడా కవర్ ఉంటుందా బాబూ అంటే "కారు ఇన్సూరెన్స్ కంపెనీ మారిస్తే నో క్లెయిమ్ బోనస్ వెంట రాదా అన్నా, ఇదీ అంతే" అన్నాడు. వాట్సాప్‌లో మళ్ళీ అడిగా. "కంటిన్యుటీ ఉంటుంది అన్నా" అని ఒక మెసేజ్, కింద బొటనవేలు బొమ్మ.

ఇక అసలు విషయం. మధురవాడ దగ్గర కొండవాలులో 2021లో మేం డిజైన్ చేసిన ఇంటికి వెనకాల రిటైనింగ్ వాల్ (మట్టి జారకుండా ఆపే గోడ) మొన్నటి వానలకి పగిలి ముందుకి ఒరిగింది. మా డ్రాయింగ్‌లో వీప్ హోల్స్ (గోడలో నీళ్ళు బయటికి పోయే రంధ్రాలు), వాటి వెనక కంకర అన్నీ ఉన్నాయి, కాంట్రాక్టర్ కంకర ఎగ్గొట్టి తవ్విన ఎర్రమట్టే తిరిగి నింపేశాడు, నీళ్ళు పోయే దారేది? సరే, అది తేలాల్సిన చోట తేలుతుంది. ఓనర్ మాత్రం మాకూ లాయర్ నోటీసు పంపాడు, 18 లక్షలకి. ఇలాంటి రోజు కోసమే కదా ఇన్నేళ్ళు కట్టాం అని ధైర్యంగానే వెళ్ళా బ్రోకర్ ఆఫీసుకి.

కుర్రాడు నోటీసు పూర్తిగా చదవనే లేదు. "డిజైన్ ఎప్పటిది సార్?" అన్నాడు. అన్నా పోయి సార్ వచ్చింది, అక్కడే నాకు ఏదో తేడా కొట్టింది. 2021 అన్నా, జీవీఎంసీ ప్లాన్ అప్రూవల్ మీద తేదీ ఉండగా దాచేదేముంది. మానిటర్ నా వైపు తిప్పాడు. పాలసీ వివరాలుండే షెడ్యూల్‌లో రెండో పేజీ అడుగున రెట్రోయాక్టివ్ డేట్ అని ఒక లైను, పక్కన కొత్త పాలసీ మొదలైన తేదీ. పెన్ను క్యాప్‌తో స్క్రీన్ మీద టకటకా కొట్టి "ఈ తేదీకి ముందు చేసిన పనికి ఏమీ రాదు సార్. మెయిల్ చేశాం కదా, చదువుకోలేదా?" అన్నాడు. పక్క టేబుల్ అమ్మాయి నవ్వు ఆపుకుంటోంది. మరి కంటిన్యుటీ అన్నావు కదయ్యా అని ఫోన్ చూపిస్తే, టీ కప్పు కింద పెట్టకుండానే "అది గ్యాప్ లేకుండా రెన్యువల్ అవుతుందని సార్" అంట. ఆహా, ఎంత తెలివి!

పాత తేదీనే కొత్త పాలసీలో వేయించుకోవచ్చంట, పాత పాలసీ కాపీలు ప్రపోజల్‌తో జతచేసి అడగాలి, కంపెనీ ఒప్పుకోవాలి. ఆ కాపీలు నేను ఇచ్చా కూడా! వాళ్ళ ఫైల్లోనే ఉన్నాయి, కళ్ళారా చూశా, కంపెనీకి పంపనే లేదు. పాత కంపెనీని అడిగితే మా పాలసీ అయిపోయాక వచ్చిన క్లెయిమ్ మాది కాదంది. అదీ కరెక్టే, ఇవి క్లెయిమ్స్ మేడ్ పాలసీలు, పని చేసినప్పుడు ఏ పాలసీ ఉందని కాదు, క్లెయిమ్ వచ్చినప్పుడు ఏది ఉందో అదే లెక్క. అంటే పాతవాడు ఆలస్యంగా వచ్చావంటాడు, కొత్తవాడు ముందే చేశావంటాడు, 18 లక్షల నోటీసు మాత్రం నా టేబుల్ మీద. నాలుగు వేలు మిగిలాయి మరి, సంతోషం.

కాబట్టి కంపెనీ మారేటప్పుడు ఆ రెట్రోయాక్టివ్ డేట్ మీ మొదటి పాలసీ తేదీయేనని షెడ్యూల్‌లో కళ్ళతో చూశాకే డబ్బు కట్టండి, బ్రోకర్ మాట, బొమ్మలు నమ్మకండి. ఏ సైట్‌లోనైనా గొడవ వాసన వస్తే పాత పాలసీ ఉండగానే ఆ కంపెనీకే నేరుగా మెయిల్ పెట్టేయండి. ఓనర్‌కి "మాదే పొరపాటు, చేయిస్తాం" అని రాయొద్దు, కంపెనీ పర్మిషన్ లేకుండా ఒప్పుకున్నారని అదొక సాకు దొరుకుతుంది వాళ్ళకి.

ఇరుక్కుపోతే ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి, నేనూ ఆ వాట్సాప్ స్క్రీన్‌షాట్ పెట్టి రాశా. నెలలో తేల్చకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) ఉన్నారు, ఫీజు లేదు, 50 లక్షల దాకా చూస్తారు, 2021 నుంచి బ్రోకర్ల మీద కూడా కంప్లైంట్ తీసుకుంటున్నారు. అయితే ఇలాంటి పాలసీలకి అది ప్రొప్రైటర్‌షిప్, మైక్రో సంస్థల వరకే, పెద్ద ఫర్మ్‌లు కన్జ్యూమర్ కమిషనో కోర్టో చూసుకోవాల్సిందే.