బాలీలో "కమీషన్ లేదు" బోర్డు పెట్టిన డబ్బు మార్పిడి దుకాణాలతో జాగ్రత్త

బాలీ వెళ్తున్నవారు, ముఖ్యంగా కూటా, లెగియన్ సందుల్లో డాలర్లు మార్చుకుందామనుకుంటున్నవారు, దయచేసి ఇది చదివి వెళ్లండి. ఆ దుకాణాలు ఎలా ఉంటాయో చూసినవారికి తెలుసు: బట్టల కొట్టులో ఒక మూల చిన్న బల్ల, దాని మీద కాల్‌క్యులేటర్, బయట "కమీషన్ లేదు" అన్న బోర్డు, దాని కింద ఊరించే ధర. మేము వెళ్లిన రోజు మిగతా చోట్ల డాలరుకు 16,300 రూపియా (ఇండోనేసియా డబ్బు) ఇస్తుంటే, ఈ మహానుభావుడి బోర్డు మీద 16,900 ఉంది.

300 డాలర్లకు 50 లక్షల 70 వేల రూపియా రావాలి. లక్ష నోట్లు లేవంటూ, అన్నీ యాభై వేల నోట్లే తీసి, ఇరవై నోట్లకొక దొంతర చొప్పున ఐదు దొంతరలు పేర్చి, పైన మిగిలిన 70 వేలు విడిగా పెట్టి, "మీరే లెక్కపెట్టుకోండి సార్" అన్నాడు. ఒక్కొక్క నోటూ నా చేత్తో లెక్కపెట్టాను, సరిగ్గా ఉంది. ఆ తర్వాత అతను మా ఆవిడతో షారుఖ్ ఖాన్ గురించి మాట్లాడుతూనే ఐదు దొంతరలనూ తన వైపు లాక్కుని, కలిపి, బల్ల అంచుకు రెండుసార్లు తట్టి, రబ్బరు బ్యాండు వేసి, రెండు చేతులతో భక్తిగా అందించాడు. మోసమంతా ఆ తట్టడంలోనే ఉంది. భోజనానికి కూర్చున్నాక మా ఆవిడ కట్ట విప్పి లెక్కపెడితే పద్దెనిమిది నోట్లు తక్కువ వచ్చాయి. అంటే తొమ్మిది లక్షల రూపియా, మన డబ్బుల్లో దాదాపు ఐదు వేలు. రోజంతా ఇతరుల ఖాతాలు తనిఖీ చేసే ఉద్యోగం నాది, బాగా వెలగబెట్టాను.

వెంటనే వెనక్కి వెళ్లాం. ఈసారి పక్కనుంచి చూస్తే ఆ బల్లకు అతని వైపున్న సొరుగు సగం తెరిచే ఉంది. విషయం చెప్పగానే, ఇందాకటి చిరునవ్వు చెక్కుచెదరకుండా, "నా కళ్ల ముందే లెక్కపెట్టుకున్నారు కదా సార్, తర్వాత మీరేం చేసుకున్నారో నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. డబ్బు పోయినదానికన్నా ఆ మాటకే నాకు ఎక్కువ మండింది. రసీదు ఇమ్మంటే, రసీదు కావాలంటే కమీషన్ పడుతుందన్నాడు! ఈలోగా లోపలి నుంచి మరొకతను వచ్చి, ఏమీ మాట్లాడకుండా, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. పిల్లలు వెంట ఉన్నారు కాబట్టి నోరు మూసుకుని బయటపడ్డాం.

దీనితో పోలిస్తే అక్కడి కస్టమ్స్ వాళ్లు ఎంతో నయం. మన దేశానికి వచ్చేటప్పుడు మనిషికి రెండు లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు కాబట్టి అన్ని దేశాల్లోనూ అంతేనని నమ్మి రెండు లీటరు సీసాలు కొనుక్కొచ్చిన మా బావగారికి, ఇండోనేసియాలోకి ఒక్క లీటరే అనుమతి అని బాలీ రాజధాని దెన్‌పసార్‌లో దిగాక తెలిసింది. ఎక్కువైన సీసాను దాచిపెట్టి తిరుగు ప్రయాణంలో ఇవ్వడం ఉండదు, పారబోయడమే. కానీ ఆ అధికారి నిబంధన చూపించి, మర్యాదగా చెప్పి మరీ తీసుకున్నాడు. పది కోట్ల రూపియా, లేదా అంత విలువైన విదేశీ నగదు చేతిలో ఉంటే కస్టమ్స్‌కు తెలియజేయాలన్న నిబంధన కూడా ఉంది. ఆ సందులో డబ్బు మార్చుకున్నవారికి తిరుగు ప్రయాణంలో ఆ బెంగ ఉండదు లెండి.

డబ్బు మార్చుకోక తప్పకపోతే బ్యాంకులోనో, ఇండోనేసియా కేంద్ర బ్యాంకు అనుమతి ముద్ర "పీవీఏ బెరిజిన్" తగిలించిన దుకాణంలోనో, ముందు రసీదు రాయించుకుని మార్చుకోండి. చివరిసారి లెక్కపెట్టేది మీరే కావాలి. ఆ తర్వాత అతను నోట్లను ముట్టుకుంటే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టండి, లేదా మీ డాలర్లు మీరు తీసుకుని వచ్చేయండి. ఇక్కడి నుంచి డాలర్లు తీసుకెళ్లేటప్పుడు మడతలు, సిరా గీతలు లేని కొత్త నోట్లే అడగండి, పాతవాటికి అక్కడ ధర తగ్గిస్తారు. కార్డు వాడేవారు బ్యాంకు ఆవరణలో ఉన్న ఏటీఎంకే వెళ్లి, మొత్తాన్ని మన రూపాయల్లోకి మార్చమంటారా అని తెర మీద అడిగితే వద్దని నొక్కండి.