క్నోసోస్‌కా, ఫైస్టోస్‌కా?

గ్రీసు దీవి క్రీట్‌లో, కంచు యుగం నాటి మినోవన్ నాగరికత రాజప్రాసాదాల్లో ఒక్కదానికే టైముంటే చాలామంది క్నోసోస్‌కే వెళ్తారు. దీవిలోని పెద్ద నగరం హెరాక్లియాన్ నుంచి 5 కిలోమీటర్లే, సిటీ బస్సులో వెళ్లొచ్చు. 1900లో తవ్వకాలు మొదలుపెట్టిన ఆర్థర్ ఎవాన్స్, కూలిన అంతస్తులను కాంక్రీటుతో మళ్లీ లేపాడు. పైన లావుగా, కిందికొచ్చేసరికి సన్నబడే ఆ ఎర్ర స్తంభాలు ఆయన కట్టించినవే. సింహాసనం గదిలో రాతి పీఠం మాత్రం అసలుదే. దాన్ని చూడ్డానికి క్యూలో నిలబడాలి, వేసవిలో అయితే మాడిపోతాం.

ఫైస్టోస్ దక్షిణాన, దాదాపు గంటన్నర ప్రయాణం. ఇటాలియన్లు తవ్వారు గానీ, ఎవాన్స్‌లా తిరిగి కట్టే పని పెట్టుకోలేదు. వెడల్పాటి రాతి మెట్లు, ఎండలో తెల్లగా మెరిసే నడిమి ముంగిలి, కింద మెసారా మైదానం నిండా ఆలివ్ తోటలు. 1908లో దొరికిన, ఇప్పటికీ ఎవరూ చదవలేని గుర్తుల మట్టి బిళ్ల ఇక్కడిదే. అది ఇప్పుడు హెరాక్లియాన్ మ్యూజియంలో ఉంది.

పిల్లలతో వెళ్తే క్నోసోసే నయం, గోడలూ రంగులూ కళ్లకు కనిపిస్తాయి. నన్నడిగితే ఫైస్టోసే. పునాదులు చూసి మిగతాది మనమే ఊహించుకోవాలి, నాకదే ఇష్టం.